సోమవారం జాబు

నా చిన్నప్పుడు చిత్తూరులో మా వీధి మొత్తానికి ఒకే ఒక్క ఫోను ఉండేది. అది మా ఇంట్లో. మా నాయనది బెల్లం మండీ. వ్యాపారం కోసం పెట్టించుకున్న ఫోను కాస్తా వీధిలో అందరి పెళ్ళి కబుర్లకూ చావు కబుర్లకూ పనికొచ్చేది. అది మోగితే ముందు పరుగెత్తేది నేనే. మా అమ్మ చనిపోయేదాకా నాకది ఒక ఆట.

అమ్మ వేలూరు ఆసుపత్రిలో పోయింది. నాకప్పుడు పదేళ్ళు. పక్కింటి అక్క పెట్టిన ఉప్మా తింటున్నాను. ఫోను మోగింది, అక్క ఎత్తింది, నా వైపు తిరిగి చెప్పేసింది. నోట్లో ఉన్నది మింగాలో ఉమ్మాలో తెలియలేదు. ఆ తర్వాత చాలా రోజులు నాకు ఏడుపు రాలేదు. అక్క మీద మాత్రం పట్టరాని కోపం వచ్చేది. ఆమె ఆ మాట చెప్పకపోయి ఉంటే అమ్మ ఉండేదేనని గట్టిగా నమ్మాను. పదేళ్ళ పిల్ల బుద్ధి అంతే.

ఆ ఏడే మా మిద్దె మీది గదిలో ఇద్దరు అబ్బాయిలు అద్దెకు దిగారు. మార్మన్లనే క్రైస్తవ శాఖ వాళ్ళు. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. రెండేళ్ళపాటు ఇల్లు వదిలి, జీతం లేకుండా, ఇంటింటికీ తిరిగి తమ దేవుడి మాట చెప్పడం వాళ్ళ పని. ఎక్కడికి వెళ్ళినా జంటగానే వెళ్ళాలి. ఇంటికి ఫోను చేసేది ఏడాదికి రెండే సార్లు. ఒకతను విదేశీయుడు, మా గుమ్మానికి తల తగిలేంత పొడుగు. రెండో అతను గోదావరి వైపు పల్లెటూరివాడు. వాళ్ళలో ఒకరినొకరు ‘పెద్ద’ అని పిలుచుకుంటారని తెలిసి మా అవ్వ ఒకటే నవ్వింది.

"మీసాలు కూడా సరింగా రాలేదు, వీళ్ళు పెద్దలంటబ్బా!"

దిగిన రోజే అవ్వ కాఫీ కలిపి పంపింది. వాళ్ళు తాగలేదు. మా వైపు కాఫీ వద్దంటే గడప తొక్కనన్నట్టే. అవ్వ మెట్ల కింద నిలబడి, "మా ఇంటి నీళ్ళు పడవా మీకు?" అని గట్టిగానే అడిగింది. గోదావరి అన్న పరుగున దిగొచ్చి, "అబ్బే, అదేం కాదండి మామ్మగారూ, కాఫీ టీలు మాకు నిషేధమండి" అని చేతులు జోడించాడు. ఆ రోజు నుంచి వాళ్ళకు చెంబుడు మజ్జిగ పోయేది. అతని మతం మాటలు మాత్రం అవ్వ ఎన్నడూ చెప్పనివ్వలేదు. మా దేవుళ్ళు మాకుండారు నాయనా అని నవ్వి లోపలికి వెళ్ళేది.

వీధుల్లోనూ అంతే. చాలా ఇళ్ళు తలుపులేసుకునేవి, కొన్ని ఇళ్ళు కుక్కల్ని ఉసిగొల్పేవి. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి సాయంత్రం తిరిగొచ్చేవాళ్ళు. అయినా ఆ అన్న మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, ఆ రోజు జరిగిన మంచి ఒకటి వెదికి మరీ నాకు చెప్పేవాడు. ఎవరో ముసలాయన నీడలో నిలబడనిచ్చాడనో, ఒకావిడ నీళ్ళిచ్చిందనో. సోమవారం వాళ్ళకు సెలవు. పొద్దున బట్టలుతికి ఆరేసి, వాళ్ళమ్మకు జాబు రాసేవాడు. ఆ వారం దక్కిన మంచివన్నీ అందులో పెట్టేవాడు. వాళ్ళ నాన్న లేడు. కూలికి పోయి పెంచిన తల్లి, ఈ రెండేళ్ళకు తానే సంతోషంగా పంపిన తల్లి. చివర్లో, "పాపగారూ, మీ తరఫున ఏం రాయమంటారండి?" అని నన్నడిగేవాడు. నాకేమీ తోచేది కాదు.

ఒక సోమవారం పొద్దున ఫోను మోగింది. కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టి ఇంట్లో ఉన్నాను. అవ్వ పెరట్లో చింతపండు ఒలుస్తోంది. అవతల గోదావరి అన్న మేనమామ. వాడి అమ్మ తెల్లవారుజామున పోయింది, రేపు పొద్దున సమాధి చేస్తాం, ఈరోజు తిరుపతిలో బండెక్కితే ముఖం చూసుకోవచ్చు, వెంటనే చెప్పమ్మా అన్నాడు. సరేనన్నాను.

మెట్లెక్కాను. తడిచొక్కాల మధ్య కూర్చుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ జాబు రాస్తున్నాడు. నన్ను చూసి అలవాటుగా అదే ప్రశ్న అడిగాడు. ఉప్మా ముద్ద గుర్తొచ్చింది. చెప్పకపోతే వాళ్ళమ్మ ఉంటుంది కదా అనుకున్నాను. "మా జామచెట్టు పూసింది" అన్నాను. అతను మురిసిపోయి ఆ మాట రాసుకున్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళి జాబు డబ్బాలో వేసొచ్చారు.

దీపాలు పెట్టే వేళ మళ్ళీ ఫోను మోగింది. ఈసారి అవ్వ ఎత్తింది.

"ఎవురికి చెప్పినారు? యా పాపకు?" అంటూ నా వైపు తిరిగింది.

అప్పటికి అందే బండి లేదు. నాయన జీవితంలో మొదటిసారి నన్ను కొట్టాడు. గోదావరి అన్న అడ్డం రాలేదు. నన్ను చూడనూ లేదు. మెట్ల మీద కూలబడిపోతే అతని జంట పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాడు. అతను ఊరికి పోలేదు. పోయినా మట్టి కప్పాకే చేరేది. రెండేళ్ళు నిండాకే రావాలని మాట తీసుకున్నది కూడా ఆ తల్లేనట. రెండోరోజే టై కట్టుకుని వీధుల్లోకి వెళ్ళాడు. వారమంతా నాతో మాట్లాడలేదు. నేను అన్నం ముట్టలేదు.

మళ్ళీ సోమవారం వచ్చింది. అతను కాగితం తీసుకుని కూర్చోవడం మెట్ల కింద నుంచి చూశాను. ఎవరికి రాస్తాడిక? నన్ను పైకి పిలిచాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అమ్మకేనండి. ఇది పోస్టు చెయ్యను" అన్నాడు.

రాసిన కాగితం మడుస్తూ మళ్ళీ అన్నాడు. "ముఖం చూడలేదన్న బాధ ఉందండి పాపగారూ. అది పోదు. మీరు చేసింది తప్పే. కానీ ఆ పూట నేను పాట పాడుకుంటూ అమ్మకు జాబు రాశానండి. మా అమ్మ నాకు ఇంకొక్క పూట ఎక్కువ బతికింది. ఆ పూట ఇచ్చింది మీరే. అదీ రాశాను."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అమ్మ పోయిన ఇన్ని నెలలకు, మా అమ్మ కోసం. అతనూ ఏడ్చాడు. కిందికి దిగి పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళి ఆమె ఒళ్ళో పడుకున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు.

ఆ అన్న ఏడాదికి గడువు తీరి వెళ్ళిపోయాడు. మళ్ళీ చూడలేదు. అతని మతం నేను తీసుకోలేదు, అతనూ అడగలేదు. సోమవారం అలవాటు మాత్రం నాకు అంటుకుంది. అమ్మకు ఒక నోటుబుక్కులో రాస్తాను. కబురు అందితే మాత్రం ఎంత చేదుదైనా ఎవరి దగ్గరా దాచలేదు.

ఇప్పుడు నేను ఐరాలలో టీచర్ని, జుట్టు సగం నెరిసింది. ఈమధ్యే నాయన మండీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చిన్నాన్న ఫోను చేసినప్పుడు నా సెల్లు బ్యాగులో ఉంది. నేను తరగతిలో పిల్లల చేత నాటకం వేయిస్తూ, రాజు వేషం వాడి మీసం ఊడిపోతే కడుపుబ్బ నవ్వుతున్నాను. గంట కొట్టాక చూసుకుంటే ఏడు మిస్డ్ కాల్స్.

కర్మకాండ ముగిశాక వచ్చిన సోమవారం నోటుబుక్కు తెరిచాను. రాశాను: అమ్మా, నాయన నాకు ఒక పీరియడ్ ఎక్కువ బతికాడు.