ఫైలు మూయని డాక్టరు

మా ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఎంతటి జబ్బునైనా నయం చేస్తారు గానీ, నయమైందని మాత్రం చచ్చినా రాయరు. ఆయన ఫైళ్లు మోసి మోసి రికార్డు గదిలో నా నడుం పడిపోయింది. ఆ నడుం నొప్పికీ ఒక ఫైలుంది. అదీ మూయలేదు!

సర్కారు లెక్క తేలికే. నయమైందని సంతకం పెట్టి ఫైలు మూస్తేనే ఆ కేసుకి డాక్టరుకి డబ్బులొస్తాయి. ఆ సంగతి ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

"ఈ దగ్గు పదకొండేళ్ల నాటిది సార్. తగ్గిపోలేదూ?"

"తగ్గిందని అతనన్నాడు. మళ్లీ రానని దగ్గు అనలేదుగా అమ్మా!"

"మరి ఈ కాలు విరిగినావిడ? మొన్న బస్సు వెనకాల పరిగెత్తింది, నా కళ్లతో చూశాను!"

"బస్సు అందిందా?"

"లేదు."

"చూశావా, ఇంకా పూర్తిగా నయం కాలేదు."

తల గోడకేసి కొట్టుకుందామనుకున్నాను గానీ, దానికీ ఫైలు తెరుస్తారని ఊరుకున్నాను.

ఒక సోమవారం పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి ఊడిపడ్డాడు. నాలుగువేల నూట పన్నెండు ఫైళ్లు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్కటీ మూయలేదా? ఇన్నేళ్ల డబ్బు వదిలేసుకున్నారా? మీకు మతి ఉందా అసలు? వారంలో అన్నీ మూయకపోతే మీ ఉద్యోగం ఊడుతుంది!"

డాక్టరుగారు తాపీగా అధికారి చేతికి బీపీ పట్టీ చుట్టారు. అంకె చూసి నేను నోరు వెళ్లబెట్టాను. మాత్రలిచ్చి, వారం ఆగి రమ్మన్నారు. నాలుగువేల నూట పదమూడో ఫైలు తెరిచారు.

"మూసేయండి సార్, మీకు దణ్ణం పెడతాను" అని వారమంతా బతిమాలాను. వింటేగా!

సోమవారం అధికారి రానే వచ్చాడు. చూద్దును కదా, చేతిలో దరఖాస్తుతో కొత్త రోగుల వరసలో, రెండొందల మంది వెనకాల నిలబడి ఉన్నాడు!

"అయ్యో, మీరిక్కడున్నారేంటి సార్! ఫైలు మూస్తే కాగితాలన్నీ ఎక్కడో గోడౌనుకి పోతాయి. అలాంటివాళ్లకే ఈ వరస, కొత్త నంబరు, మళ్లీ మొదటినుంచీ పరీక్షలూ. మీది తెరిచే ఉందిగా, తిన్నగా లోపలికి పొండి."

అన్నాక గానీ నేనన్నదేమిటో నాకే తలకెక్కలేదు. ఓరి నాయనో, నాలుగువేల మందినా నేను ఈ వరసలోకి తోయమన్నది! మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు ఆరేళ్లుగా తిన్నగా లోపలికి వెళ్తోంటే, అదంతా నా పలుకుబడే అనుకుని విర్రవీగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అధికారి ఆ వరసకేసి చూశాడు. చేతిలోని దరఖాస్తుకేసి చూశాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని లోపలికెళ్లాడు. నేనూ వెనకాలే దూరాను.

"మీ బీపీ తగ్గింది" అన్నారు డాక్టరుగారు.

"అయితే నా ఫైలు మూసేస్తారా?" అన్నాడాయన కంగారుగా.

"మళ్లీ రానని బీపీ అనలేదుగా!"

అధికారి సంచీలోంచి తనిఖీ కాగితాలు తీశాడు. ఒక్క ముక్క రాసి, భద్రంగా దాచమని నా చేతికిచ్చాడు. 'తనిఖీ ఇంకా పూర్తి కాలేదు' అని ఉంది. పూర్తయ్యేదాకా ఎవరి ఉద్యోగమూ ఎవరూ ఊడగొట్టలేరు.

"ఎప్పటికి పూర్తవుతుంది సార్?" అన్నాను, నమ్మలేక.

"తొందరేముందమ్మా? ముందు నాకు పూర్తిగా నయం కానీ."