రింగులు లేని రోజు సెలెక్షన్

బాస్కెట్‌బాల్ సంఘానికి నేను కార్యదర్శినైన రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ సమయానికి నేను గదిలో లేను. దంతెవాడలో మీటింగ్. మా స్కూలు హాస్టల్లో నీళ్ళ మోటారు కాలిపోయిందని ఫోన్ వస్తే మాట్లాడటానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. మోటారు గురించి కాదని కాసేపటికి అర్థమైంది.

అర్హతల్లో నాకు లోటేమీ లేదు. మా నాన్న కిరందుల్ గనుల్లో పనిచేశాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే నిలిచిపోయిన కుటుంబం మాది. టౌన్‌షిప్‌లో ఒక కోర్టు ఉండేది. విశాఖపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ జట్టులో కూడా ఉన్నాను. ఆడానని చెప్పను. బెంచీ మీద నా చోటుకు మాత్రం ఎవరూ పోటీ వచ్చేవారు కాదు. తర్వాత రాజనీతిశాస్త్రం లెక్చరర్‌గా మళ్ళీ బస్తర్‌కే వచ్చాను. సుక్మా దారిలో, తోంగ్‌పాల్ దాటాక ఉన్న ఆడపిల్లల హయ్యర్ సెకండరీ స్కూల్లో ప్రిన్సిపాల్ బదిలీ మీద వెళ్ళిపోతే, ఇంకొకరు వచ్చేదాకా చూసుకోమని నన్ను ప్రభారీ, అంటే ఇన్‌చార్జి, ప్రిన్సిపాల్‌ని చేశారు. ఆ ఇంకొకరు ఇంకా బయల్దేరలేదు.

రెండు పదవులూ ఒకే మనిషికి ఉండటంలో కొంత శ్రమ ఉంది. మా స్కూలు కోర్టు వాడుకోవాలంటే సంఘం కార్యదర్శి స్కూలు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాయాలి. రాసేదాన్ని. దానికి ప్రిన్సిపాల్ జవాబివ్వాలి. ఒకట్రెండు రోజులు ఆగి ఇచ్చేదాన్ని. వెంటనే ఇస్తే ఇద్దరూ కుమ్మక్కయ్యారంటారు.

కార్యదర్శిగా నేను చేసిన గట్టి పని ఒక్కటే, ఒక నియమం పెట్టడం. అంతకుముందు సెలెక్షన్ కమిటీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ స్కూలు పిల్లలే ఎంపికయ్యేవారు. ఒక ఏడాది జట్టులో ఐదుగురు మేనకోడళ్ళు ఉన్నారు. అందుకని, తన స్కూలు పిల్ల పేరు చర్చకు వస్తే ఆ సభ్యులు నోరెత్తకుండా లేచి బయటికి వెళ్ళాలని రాసి అందరిచేతా ఒప్పించాను. ఇంత మంచి నియమం ఎక్కడా చూడలేదని అప్పుడు నన్ను మెచ్చుకున్నారు.

మా కోర్టు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్న ఒకే ఒక్క చదునైన సిమెంటు నేల. కాబట్టి ఎండాకాలంలో దాని మీద ముందు చింతపండు, తర్వాత ఇప్పపువ్వు ఆరేవి. సాయంత్రం ప్రాక్టీసుకు ముందు ఆటలు నేర్పే మా పీటీఐ సారు చీపురు పట్టుకుని ఊడ్చేవాడు. ఇప్పపువ్వు సీజన్లో పిల్లల ఆటలో కొంత జారుడు ఎక్కువగా ఉండేది.

ఆ కోర్టులోనే మా కెప్టెన్ తయారైంది. గొల్లపల్లి వైపు దొర్ల తెగ కుటుంబం. ఇంట్లో దొర్లీ, క్లాసులో హిందీ, నాతో తెలుగు, పోట్లాటకు గోండీ. పదకొండో తరగతి. పొట్టి పిల్ల, పెద్దగా గెంతలేదు కూడా. కానీ దూరం నుంచి బంతి వేస్తే రింగు చప్పుడు చేసేది కాదు. బంతి లోపలికి పోయిందని వల కదిలితేనే తెలిసేది.

రాష్ట్రం నడిపే స్పోర్ట్స్ హాస్టల్ ఒకటి ఉంది. అందులో చోటు దొరికితే తిండి, చదువు, కోచ్ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆమెకు అదే చివరి ఏడు, తర్వాత వయసు దాటుతుంది. దీపావళి అయ్యాక వాళ్ళ నాన్న వచ్చి నా గది గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చూడు మేడమ్, నేను అడ్డం పడ. సెలెక్షన్ అయిందా, ఎంత దూరమైనా పంపుత. కాలేదనుకో, జనవరిల మాతోని మిర్చి ఏరనీకి వస్తది. భద్రాచలం అవతల రైతు మాట అడిగిండు, ఇంట్ల చేతులు తక్కువున్నయి."

"మరి చదువు?"

"మిర్చి అయినంక చదువుతది. చదువు యాడికి బోతది మేడమ్?"

రాజనీతిశాస్త్రంలో దీనికి జవాబు లేదు. సరేనన్నాను. కార్యదర్శి హోదాలో రాయపూర్‌కు పదేపదే ఫోన్లు చేసి, మా ప్రాంతం సెలెక్షన్ మా కోర్టులోనే జరిగేలా చూశాను. అలవాటైన నేల, అలవాటైన రింగు. నా ఉద్యోగ జీవితంలో నేను వేసిన ఒకే ఒక్క ఎత్తు అది.

సెలెక్షన్ శనివారం. గురువారం ఒక ఇంజనీరు జీపులో వచ్చాడు. శుక్రవారం ఒక పెద్దాయన మా వైపు పర్యటనకు వస్తున్నారనీ, ఆయన హెలికాప్టర్ దిగడానికి మా కోర్టును ఎంపిక చేశారనీ చెప్పాడు. సంభాషణ హిందీలో జరిగింది. తెలుగులో రాస్తే కొంచెం మర్యాదగా వినిపిస్తుంది.

"స్తంభాలు తీసేయాలి మేడమ్. రెక్కలకు తగులుతాయి."

"అవి సిమెంటులో పాతినవి, ఊడి రావు."

"ఊడదీయం, కోస్తాం. గ్యాస్ కట్టర్ తెచ్చాం. పర్యటన కాగానే మళ్ళీ అతికిస్తాం."

"ఎల్లుండి ఇక్కడ సెలెక్షన్ ఉంది."

"చాలా సంతోషం మేడమ్. పిల్లలకు ఆటలు చాలా అవసరం."

పై అధికారికి ఫోన్ చేశాను. సహకరించమన్నారు. వెళ్ళి సహకరించాను, అంటే పక్కన నిలబడ్డాను. పిల్లలు వరండాలో వరసగా నిలబడి నిప్పురవ్వలు చూశారు. రెండు స్తంభాలూ పడ్డాక కోర్టు మధ్యలో తెల్ల సున్నంతో పెద్ద ఇంగ్లీషు హెచ్ అక్షరం గీశారు. కెప్టెన్ నా పక్కకొచ్చింది.

"మళ్ల ఎప్పుడు పెడ్తరు మేడమ్?"

"పర్యటన కాగానే అంటున్నారు."

"శనివారం లోపలనా?"

"అడిగాను."

"ఏమన్నరు?"

"సంతోషం అన్నారు."

శుక్రవారం పొగమంచు పట్టింది. పెద్దాయన రోడ్డు మీదే వచ్చి, మా స్కూలు ముందు నుంచే సాగిపోయారు. రోడ్లు బాగున్నాయని ఆ రకంగా రుజువైంది. చిన్న పిల్లలు ఆ సాయంత్రం హెచ్ గీతల మీద తొక్కుడుబిళ్ళ ఆడుకున్నారు. రాయపూర్‌కు ఫోన్ చేసి తేదీ మార్చమని అడిగాను. సెలెక్టర్ల టూర్ మారదన్నారు, ఆదివారం వాళ్ళు ఇంకో జిల్లాలో ఉండాలి, జాబితా అదే రోజు పైకి పోవాలి. పోనీ బచేలీ టౌన్‌షిప్ కోర్టు? అక్కడి అనుమతికి వారం ముందు దరఖాస్తు పెట్టాలి. ఆ పద్ధతి తప్పని అనలేను, ఉత్తరాల విషయంలో నేనూ అంతే.

శనివారం పొద్దున పీటీఐ సారు ఒక రింగును హాస్టల్ వంటగది గోడకు ఇనప తీగతో కట్టాడు. సెలెక్టర్లు ముగ్గురు వచ్చారు. చూశారు.

"ఇదేమిటి?"

"రింగు సార్."

"అది కనిపిస్తోంది. వెనకాల?"

"వంటగది సార్."

బోర్డు లేదు, ఎత్తు కొలత ప్రకారం లేదు, కింద నేల వాలుగా ఉంది. ఇందులో పడిన బంతి లెక్కలోకి రాదన్నారు. వాళ్ళు చెప్పింది నిజమే. లెక్కలోకి వచ్చేవి మాత్రం చూశారు: గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు, పరిగెత్తించారు, గెంతించారు, హెచ్ చుట్టూ బంతి కొట్టించారు. కెప్టెన్ అన్నీ చెప్పినట్టు చేసింది. ఆమె నేలమీద బంతి కొట్టడం చూస్తే ఎవరైనా 'ఫరవాలేదు' అంటారు. వాళ్ళూ అన్నారు.

తర్వాత, సంఘం తరఫున కమిటీ సభ్యురాలిగా నేనూ కలిసి, స్టాఫ్ రూంలో కూర్చున్నాం. పేర్లు ఒక్కొక్కటీ వచ్చాయి. మా కెప్టెన్ పేరు చదవగానే నేను నోరు తెరిచాను.

"ఈ అమ్మాయి షూటింగు..."

ముగ్గురిలో వయసులో పెద్ద సెలెక్టరు, మంచి మనిషే, చెయ్యెత్తాడు. "మేడమ్, నియమం మీదే."

లేచాను. కుర్చీ వెనక్కి జరిపి, తలుపు మూసి వరండాలోకి వచ్చాను. కెప్టెన్ మెట్ల మీద కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది.

"ఏంది మేడమ్, బయటికొచ్చిన్రు?"

"లోపల నీ పేరు వచ్చింది."

"అయితే మంచిదే గదా?"

"మంచిదే."

ఒలిచిన గింజలు కొన్ని నా చేతిలో పోసింది. ఇద్దరం తిన్నాం. లోపలి మాటలు వినిపించలేదు, ఆ తలుపు మా స్కూల్లో సరిగ్గా పడే ఒకే తలుపు. చాలాసేపు పట్టలేదు. టౌన్‌షిప్ నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్లను తీసుకున్నారు. ఆ పిల్ల కూడా బాగా ఆడుతుంది, అందులో అనడానికేం లేదు. మా కెప్టెన్ పేరు దగ్గర 'షూటింగ్: చూడలేదు' అని రాసుకున్నామని ఆ పెద్ద సెలెక్టరు వెళ్తూ వెళ్తూ చెప్పాడు. అబద్ధం రాయనందుకు ఆయనకు థాంక్స్ చెప్పి, జీపు దాకా సాగనంపాను.

ఆ రోజు ఏమనిపించిందని తర్వాత మా చెల్లెలు ఫోన్లో అడిగింది. మధ్యాహ్నం పప్పులో ఉప్పెక్కువైందనిపించింది అన్నాను. గుర్తుచేసుకుంటే ఇప్పటికీ అదే తడుతుంది.

వాళ్ళ నాన్న ఆ వారంలోనే వచ్చాడు. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు. జీపు రోడ్డు మీద ఆగి ఉంది, అందులో వాళ్ళ ఊరి జనం, మూటలు, ఒక కోడి.

"నేను మాట తప్పలే మేడమ్."

"లేదు, మాట మీదే ఉన్నావు."

"నువ్వేం మనసుల పెట్టుకోకు. రైతు మంచోడే. పోయినేడు గూడ ఆయన చేన్లనే ఏరినం." కాస్త ఆగి కూతురి వైపు చూశాడు. "దీనికి చేతులు జోరుగ ఆడుతయి. అంత మీ ఆటల పుణ్యమే."

నా పనిని బయటివాళ్ళు మెచ్చుకోవడం అదే మొదటిసారి. నీళ్ళు తాగుతావా అని అడిగాను. కెప్టెన్ తన సంచీ తీసుకుని, పీటీఐ సారుకు చెప్పి వచ్చి నా ముందు నిలబడింది.

"పోతున్న మేడమ్."

"మార్చిలో పరీక్షలు."

"ఎర్కే మేడమ్. కోత అయితే వస్త."

"కాకపోతే?"

"కాకపోతే ఎట్ల వస్త?"

ఎక్కింది. డ్రైవరు హారన్ కొట్టాడు. నాకు మూడో పీరియడ్ ఉంది, వెళ్ళి ప్రాథమిక హక్కులు చెప్పాను.

నెల తిరిగాక ఇంజనీరు మనుషులు వచ్చి స్తంభాలు అతికించారు, మాట నిలబెట్టుకున్నారు. తుప్పు పట్టిన చోట కొంత కోసేసి అతికించడంతో రెండూ కురచైపోయాయి. ఒక ఆదివారం వాళ్ళ నాన్న ఫోన్ నుంచి కెప్టెన్ చేసింది. వెనకాల ట్రాక్టరు చప్పుడు, ఎవరో తుమ్ముతున్నారు.

"పోల్లు పెట్టిన్రా మేడమ్?"

"పెట్టారు. కొంచెం పొట్టిగా వచ్చాయి."

"ఎంత పొట్టి?"

"జానెడు ఉంటుంది."

 

"అయితే చిన్నోళ్లు ఏసే బాల్ బోర్డు పైకెల్లి పోతుంటది మేడమ్. కొంచెం తక్కువ జోరుతోని ఎయ్యమని చెప్పుండ్రి. మోచెయ్యి మాత్రం దించొద్దని చెప్పుండ్రి."

"చెప్తాను. కోత ఎంతవరకొచ్చింది?"

"ఇంక శానా ఉన్నది. పిలుస్తున్నరు మేడమ్, ఉంట."

సాయంత్రం కోర్టుకు వెళ్ళి చిన్నపిల్లలకు చెప్పాను. తక్కువ జోరు, మోచెయ్యి దించొద్దు. వేశారు. కొన్ని పడ్డాయి. ఈ సంగతి మీకెవరు చెప్పారు మేడమ్ అని పీటీఐ సారు అడిగాడు. సంఘం నుంచి వచ్చిన ఆదేశమన్నాను.