ఒక్క బ్రౌజర్‌కే పలికే బటన్

మట్టెవాడలో నాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. అందులో ఒక ముసలి కంప్యూటర్. దసరాకు మా గల్లీలో మగ్గాలకు పసుపు కుంకుమ పెట్టినట్టే నేను దానికీ పెడతాను. భక్తితో కాదు, భయంతో. ఇంజనీరింగ్ సీట్ల వెబ్‌సైటు దాంట్లోని పాత బ్రౌజర్‌లో తప్ప ఎక్కడా సరిగా పనిచేయదు.

బ్రౌజర్లన్నీ ఒకే స్క్రిప్టు భాషను ఒకే తీరుగా అర్థం చేసుకోవాలని పెద్దలు కూర్చుని నియమాలు రాశారట. రాసి ఏం లాభం? ఆ పాత బ్రౌజర్ చేసిన మహానుభావులు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు సొంత పద్ధతులు కలిపేశారు. మన సైటు రాసిన ఘనుడు ఆ సొంత పద్ధతులనే పట్టుకుని, తన టేబుల్ మీద నడిస్తే లోకమంతా నడిచినట్టేనని చేతులు దులుపుకున్నాడు. పైగా వాడికి జీతం!

పోయినేడు ఒక పవర్‌లూమ్ కార్మికుడి కూతురు నవ్వుకుంటూ వచ్చింది.

"అన్నా, కాలేజీల ఆప్షన్లు ఫోన్‌లనే పెట్టుకున్న. జర ప్రింట్ తీసియ్యవా?"

ఆమె ర్యాంకుకు మన ఊరి కాలేజీలోనే సీటు ఖాయం. రోజూ ఇంటి నుంచే వెళ్లి చదువుకోవచ్చు. ముసలి కంప్యూటర్‌లో తెరిచాను. పేజీ ఖాళీ. ఆమె ఫోన్‌లో బటన్ నొక్కితే "సేవ్ అయింది" అని కనిపించింది కానీ, అసలు ఏదీ సైటుకు చేరలేదు. గడువేమో ముందురోజు సాయంత్రమే అయిపోయింది.

నా ఒళ్లు మండిపోయింది. హెల్ప్‌లైన్‌కు చేసి స్పీకర్‌లో పెట్టాను.

"ఫోన్‌ల ఎవలు జెయ్యమన్నరు? పాత బ్రౌజర్‌లనే జెయ్యాలె" అన్నాడు అవతలివాడు.

"ఆ ముచ్చట సైటుల యాడ రాసిన్రు సారూ?"

"రాసేదేముంది? అందరికి ఎరికే గదా!"

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. వీడైతే చూసేవాళ్ల కళ్లే మంచివి కావంటున్నాడు. ఛీ, ఇదొక బతుకా! నోటికొచ్చింది అనబోయేలోపే ఫోన్ పెట్టేశాడు.

"సారు చెప్పింది నిజమే అన్నా," అంది ఆ పిల్ల, తల వంచుకుని. "నాదే తప్పు."

"నీ తప్పేంది చెల్లె? ఆ సైటు రాసినోనిది తప్పు!" అని అరిచాను. ఆమె విన్నట్టు లేదు.

తర్వాతి విడతకు మన ఊరి సీట్లు నిండిపోయి, హైదరాబాద్ అవతల సీటొచ్చింది. హాస్టల్‌లో ఉంచి చదివించలేనన్నాడు తండ్రి. ఇక్కడే డిగ్రీలో చేరింది. మొన్న బజారులో ఆయన కలిస్తే పిల్ల ఎట్లుందని అడిగాను.

"మంచిగనే ఉంది," అన్నాడు. "తెలివిగల్లదే గని, ఆ ఒక్క బటన్ నొక్కుడు రాలే."