మూడు లాప్‌టాప్‌ల పందెం

కాసిల్డా వదిన చూన్యో కొనే తీరు చూస్తే అమ్మేవాడికి ఏడుపొస్తుంది. మా కొండల్లో చలికాలమైన జూన్ నెల మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి, నీళ్లు పిండి ఎండబెట్టిన బంగాళాదుంపలవి. బయటికి అన్నీ ఒకేలా నల్లగా, రాళ్లలా ఉంటాయి. వదిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి దించి అడుగు నుంచి గుప్పెడు తీస్తుంది, కొరుకుతుంది, వాసన చూస్తుంది. అక్కడితో వదలదు. ఆ గుప్పెడూ ఇంటికి పట్టుకెళ్లి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఉడికించి తిన్నాకే బేరం. ఎల్ ఆల్టో బజారులో ఇరవై రెండేళ్లుగా ఆవిడ చూన్యో దుకాణం పక్కనే ఉల్లిపాయలు అమ్ముతున్నాను నేను, అసుంతాను. ఆవిడ మోసపోగా ఒక్కసారీ చూడలేదు. నేను మోసపోవడం మాత్రం ఆవిడ చాలాసార్లు చూసింది, చూసి కడుపారా నవ్వింది.

మొన్న చలికాలంలో ఆవిడ చెల్లెలి కూతురు మరిబెల్‌కి టీచర్ల కాలేజీ ప్రవేశపరీక్ష వచ్చింది. ఆ పిల్ల పల్లె నుంచి వచ్చి పెద్దమ్మ దగ్గరే ఉంటోంది. పరీక్ష ఇంట్లోనే, కంప్యూటరు ముందు మూడు గంటలు రాయాలి. నెట్టు ఫోనులోంచి వస్తుంది, దానికి ఢోకా లేదు. మా పేటలో కరెంటు మాత్రం దాని ఇష్టం. మధ్యలో కంప్యూటరు ఆగిందా, ఇక వచ్చే ఏడాదే. వదిన మూడో తరగతిలో బడి మానేసింది, దుంపలు తొక్కడానికి ఇంట్లో మరో జత కాళ్లు కావలసివచ్చి. అందుకని, నల్లబల్ల దగ్గర సుద్దముక్క పట్టుకుని తమ ఇంటి మనిషి ఒకరు నిలబడితే చూసి పోవాలని ఆవిడ ఆశ. ఆ ఆశ ఇప్పుడు ఒక బ్యాటరీ మీద ఆధారపడింది.

గురువారం సంతకి ముగ్గురం వెళ్లాం. పాత లాప్‌టాప్‌లు అమ్మే లింబర్ అనే కుర్రవాడు తళతళలాడేదొకటి ముందుకు తోశాడు.

"ఇది తీసుకో అక్కా. నాలుగు గంటలు ఆగకుండా నడుస్తుంది, నాది పూచీ."

"నాలుగు గంటలా? అయితే తీగ పీకేయ్," అంది వదిన. "నేను కూచుని చూస్తా."

"ఎంతసేపు చూస్తావేంటి?"

"నువ్వు చెప్పిన నాలుగు గంటలూ. పీట ఉందా?"

"పీటా? ఇదేమన్నా సినిమా హాలనుకున్నావా అక్కా!"

వదిన పావడా కుచ్చెళ్లు సర్దుకుని నేలమీదే చతికిలబడింది. టోపీ సరిచేసుకుంది, అల్లిక సూదులు తీసింది. "ఒక్కటే ఎందుకులే. ఆ పక్కదీ, ఆ మూల గీతలు పడ్డ బుల్లిదీ కూడా పెట్టు. మూడింటిలోనూ ఒకే పండగ డాన్సు వీడియో ఆడించు, వెలుతురు పూర్తిగా పెంచు."

"గిరాకీలు పోతారక్కా, దణ్ణం పెడతా."

"నీ సరుకు మీద నీకే నమ్మకం లేదా నాయనా?"

ఆ మాట పక్క దుకాణాల వాళ్లంతా విన్నారు. లింబర్‌కి ఇక తప్పలేదు. మూడు తెరల మీదా బరువైన అంగీలవాళ్లు గిరగిరా తిరగడం మొదలుపెట్టారు. పావుగంటలో జనం మూగారు. అరగంటలో పందేలు మొదలయ్యాయి, ఓడినవాడు గెలిచినవాడికి మొక్కజొన్న పిండితో కాచే వేడి పానీయం, ‘ఆపి’, ఒక గ్లాసు తాగించాలి. వదినతో పందెం వేసి నేను తళతళలాడేదాని మీద కాశాను. నా తెలివి అలాంటిది. యాభై నిమిషాలకి అది టక్కున చచ్చింది.

"అసుంతా, నాకో గ్లాసు ‘ఆపి’ చెప్పు. దాల్చినచెక్క కాస్త ఎక్కువెయ్యమను," అంది వదిన, సూదుల మీంచి తలెత్తకుండా.

రెండోది రెండు గంటలు దాటాక ఆరిపోయింది. గీతల బుల్లిది మాత్రం ఆడుతూనే ఉంది. మూడున్నర గంటలు దాటి పది నిమిషాలకి కళ్లు మూసింది. జనం ఈలలు వేశారు. మరిబెల్ వాళ్ల పెద్దమ్మ మెడ పట్టుకుని ఊగిపోయింది.

"నాలుగు అన్నావుగా, అన్నిట్లో గట్టిదే ఇరవై నిమిషాలు తక్కువొచ్చింది," అంది వదిన. "ఆ ఇరవై నిమిషాలకి కొసరేదీ?"

లింబర్ మౌసూ, సంచీ కొసరు వేసి చేతులు జోడించాడు. మేం కొన్న ఆ గీతల బుల్లిదే మూడింటిలోకీ చవక!

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాతి పాపం నాది.

కొత్త వస్తువు ఇంటికొస్తే నేలతల్లి పాచమామకి నాలుగు చుక్కల బీరు పోయకుండా ఎవరైనా వాడతారా? మా తమ్ముడి లారీకి నేనే పోశాను, ఇంతవరకు దానికి గీత పడలేదు. అదే ఊపులో ఆ సాయంత్రం వదిన ఇంట్లో బీరు సీసా తీసి, నేలకి నాలుగు చుక్కలు వదిలి, బొటనవేలు అడ్డంపెట్టి ఊపి లాప్‌టాప్ మీదికి కొట్టాను. మూత తెరిచి ఉందని చూసుకోలేదు. నురగంతా మీటల మీద పడింది. మరిబెల్ కేక వేసి దాన్ని లాక్కుని, ఆపేసి, బోర్లించింది.

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. తడిగుడ్డతో జిగురు తుడిచింది. మరిబెల్ వెనక మరలు విప్పి బ్యాటరీ తీసింది. "ఇది నా పని," అంది వదిన. "తడి పోవడానికి వేడి అక్కర్లేదు, పొడిగాలి చాలు. మీరు తొందరపడకుండా ఉంటే అదే చాలు."

మిద్దె మీద గడ్డి పరిచి, నీడలో, గాలి తగిలేటట్టు గుడారంలా నిలబెట్టింది. పగలల్లా గంటకోసారి తిప్పింది. చీకటిపడితే మంచు తగలకుండా దుప్పట్లో చుట్టి లోపల పెట్టింది. శనివారం సాయంత్రం మరిబెల్ బతిమాలింది.

"ఒక్కసారి వేసి చూద్దాం పెద్దమ్మా. పనిచేస్తుందో లేదో తెలియకుండా నాకు నిద్రెలా పడుతుంది?"

"లోపల తడి ఉండగా ముట్టుకుంటే మొత్తం పోతుందే. చూన్యో అయినా అంతే. పొద్దున దాకా దాని జోలికెళ్లకు."

నేను రెండు రోజులూ ఆ ఇంటి గడప తొక్కలేదు. సిగ్గేసింది. ఆ పిల్ల ఏడాది నా చేతుల్లో పోయిందని తిండి కూడా సయించలేదు.

ఆదివారం ఎనిమిదింటికి వదినే కబురు పెట్టింది. వెళ్లేసరికి మరిబెల్ బ్యాటరీ బిగిస్తోంది. మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కి పట్టుకుంది. తెర తెల్లగా వెలిగింది! నేను కూలబడి ఏడ్చేశాను.

"నువ్వు మాత్రం వాకిట్లో కూర్చో, లోపలికి రాకు. చేతిలో సీసా ఏం లేదు కదా?" అంది వదిన.

వెంటనే తీగ తగిలించి చార్జికి పెట్టారు, అలాగే తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. పదిన్నరకి పక్కింటి రేడియో ఆగిపోయింది. వీధంతా కరెంటు పోయింది. నేను లేవబోతే వదిన నా పావడా అంచు పట్టి కూర్చోబెట్టింది. "చూశాంగా. మూడున్నర గంటలు," అని మళ్లీ సూదులు ఆడించింది. కానీ ఆ గంటన్నరలో ఆవిడ అల్లిందంతా వంకర, మర్నాడు విప్పి మళ్లీ అల్లింది. పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది.

"అయిపోయింది పెద్దమ్మా. అన్నీ రాశాను. ఇంకా కాస్త చార్జి మిగిలింది కూడా!"

పదిహేడు రోజులకి జాబితా వచ్చింది, అందులో మరిబెల్ పేరుంది. ఆ రోజు వదిన బజారులో ప్రతి గిరాకీకి దోసిళ్లతో కొసరు పోసింది. ఇరవై రెండేళ్లలో అంత కొసరు ఆవిడ చేతినుంచి పడటం నేను చూడలేదు. లాప్‌టాప్‌లో ఒక మీట ఇప్పటికీ అంటుకుంటుంది. "అది మీ అసుంతత్త మీట," అని మరిబెల్‌కి చెబుతుంది వదిన.

మరుసటి గురువారం, ఇంటికో చదువుకునే పిల్లో పిల్లాడో ఉన్న మరో ముగ్గురు బజారు ఆడవాళ్లు అల్లిక సంచులు పట్టుకుని వదిన వెంట సంతకి బయల్దేరారు. వేడుక చూద్దామని నేనూ నడిచాను. లింబర్ దూరం నుంచే మా టోపీలు చూశాడు. వెంటనే లాప్‌టాప్‌లన్నిటికీ తీగలు పీకేసి, బల్ల కింద నుంచి అయిదు కొత్త పీటలు తీసి వరసగా వేశాడు.