కోదాడ దాటిన పరదేశపు చీర

మా నాయనమ్మకు మన దేశం కోదాడ దాకానే. అది దాటితే పరదేశం. నిజాం కాలంలో అక్కడ కరోడ్‌గిరి నాకా, అంటే సర్కారు సుంకాల చౌకీ, ఉండేది. బెజవాడ నుంచి ఏం తెచ్చుకున్నా ఆ నాకా దగ్గర మూట విప్పి చూపించి, సుంకం కట్టి, అప్పుడు మా సూర్యాపేట తెచ్చుకోవాలి. అటు తెల్లవాళ్ల రాజ్యం, ఇటు నిజాం రాజ్యం. అందుకని లాంతరు చిమ్నీ అయినా సబ్బు బిళ్లయినా అటు నుంచి వచ్చిందంటే పరదేశపు సరుకే. తరువాత నిజాం పాలన పోయింది, నాకా పోయింది, రెండు రాష్ట్రాలూ కలిసి ఒక్కటయ్యాయి. ఈ సంగతులేవీ నాయనమ్మ పట్టించుకోలేదు.

"అమ్మా, ఇప్పుడంత ఒక్కటే రాజ్యం" అని మా నాన్న నచ్చజెప్పబోయేవాడు. ఆయనకు ధాన్యం దుకాణం ఉండేది. కోదాడ అవతలి బేరగాళ్లతో రోజూ మాట్లాడే మనిషి.

"ఒక్కటెట్లయితదిరా? వాళ్లు పప్పుచారుల బెల్లమేస్తరు" అనేది నాయనమ్మ.

సామాను కొనడంలో మా ఇల్లు రెండు పార్టీలు. పరదేశపు సబ్బుకు నురగ ఎక్కువ, పరదేశపు చిమ్నీ వేడికి పగలదు అని నాయనమ్మ వాదన. "పగిలితె ఇంకోటి కొననీకి బెజవాడ పోవాల్నా? మన బజార్ల దొరికేదానికి ఏం రోగం?" అని మా అమ్మ. నేను ఎటూ చేరలేదు. వాళ్ల గొడవ తేలే దాకా ఇంట్లో రెండు రకాల బిస్కెట్లూ ఉండేవి, నాకు అంతకన్నా ఏం కావాలి?

అలాంటి రోజుల్లో మా మేనత్తకు మిర్యాలగూడలో సంబంధం కుదిరింది. బియ్యం మిల్లు వాళ్లు. పిల్లవాడి తల్లి భారీ మనిషి, గొంతు మిల్లు చప్పుడును కూడా మించేది. తాంబూలాలు పుచ్చుకున్న రోజు ఆమె మాటల్లో మాటగా తన చీరల గొప్ప కొంచెం చెప్పుకుంది. మా నాయనమ్మ ఊరుకుంటుందా? వియ్యపురాలికి పెళ్లిలో చీర పెట్టడం ఆనవాయితీ కదా, అది అందుకుంది.

"వదినె, నీకు పెట్టే చీర గీడ బజార్ల కొనను. పరదేశం చీర తెస్త" అంది.

వియ్యపురాలి కళ్లు ఇంతింతయ్యాయి. నాయనమ్మ పరదేశం అంటే బెజవాడ అని ఆమెకేం తెలుసు? జపాన్ నైలాన్ అనుకుంది. ఉతికి దులిపితే క్షణంలో ఆరిపోయే ఆ చీరలంటే అప్పుడు ఆడవాళ్లకు పిచ్చి. మిర్యాలగూడలో వీధి వీధంతా చెప్పుకుందట. ఆ కబురు ధాన్యం బండ్ల వాళ్లతో పాటు మా దుకాణానికి చేరింది.

మా నాన్న పరేషాన్ అయిపోయాడు. బట్టల దుకాణాలన్నీ తిరిగాడు. అలాంటి సరుకు మద్రాసు రేవులో దిగుతుంది కానీ ఇక్కడ కళ్ల చూడటం కూడా కష్టమన్నారు. అత్తకైతే ముద్ద దిగలేదు. "అమ్మ మాట పోతే ఆ ఇంట్ల నాకేం ఇజ్జత్ ఉంటది? రేపటి నుంచి గా మాట పట్టుకొనే నన్ను పొడుస్తరు" అని మా అమ్మ దగ్గర ఏడ్చింది. అత్తంటే నాకు ప్రాణం, నాకూ ఏడుపొచ్చింది. నాయనమ్మకు మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. "ఏంది మీ లొల్లి? రేపే పోయి తెస్త" అని, తోడుగా నన్ను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కింది.

అక్కడ బట్టల దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చుని ఎన్ని చీరలు తీయించిందో! చివరికి ఎర్రటి చీర ఒకటి పట్టుకుంది. నలుపూ తెలుపూ గడులు, మందమైన నూలు. దగ్గరికి తీసుకుంటే ఆముదం వాసన. దారాన్ని నూనెలో నానబెట్టి నేస్తారని, ఉతికేకొద్దీ మెత్తబడుతుందని దుకాణదారు చెప్పాడు.

"ఇది మీ దేశంలనే నేసిండ్రా?" అని గట్టిగా అడిగింది నాయనమ్మ.

"అచ్చంగా మన దేశందేనండీ! ఫారిన్ సరుకు మేం ముట్టుకోమండీ" అన్నాడు ఆయన, ఖద్దరు చొక్కా సర్దుకుంటూ.

మన దేశం అంటే వాళ్ల దేశం అని నాయనమ్మకు అర్థమైంది. బేరమాడి కొనేసింది.

తిరుగు బస్సు కోదాడ చేరువవుతుంటే నాయనమ్మ కొంగు చాటున ఏదో చేసుకుంటోంది. చూద్దును కదా, కొత్త చీరను నడుముకు చుట్టి, పైన తన చీర కప్పేసింది. మనిషి గాదెలా తయారైంది. "నిద్ర పోయినట్టు పండు. నాకా వొస్తది" అని నా తల తన ఒడిలోకి నొక్కింది. నాకా ఉన్న చోట అప్పటికి టీ కొట్టు ఉంది. అంతలో ఖాకీ బట్టల కండక్టరు వచ్చాడు.

"టిక్కెట్లు చూపించండమ్మా."

"నా తాన ఏం లేదు బిడ్డా! అన్ని కట్టుకున్న బట్టలే!" అంది నాయనమ్మ, రెండు చేతులూ పైకెత్తి.

నాకు నవ్వాగక కడుపు ఎగిరిపడుతోంది. కండక్టరు బిత్తరపోయాడు. "అది కాదమ్మా. ఈ ఆముదం వాసన ఎక్కడ్నుంచండీ?" అన్నాడు. "మా పిల్ల తలకు పెట్టిన" అని నా మీదికి తోసేసింది. ఆ మాటతో పక్క సీటు ఆమె నాకు దూరంగా జరిగి కూర్చుంది.

పెళ్లి రోజు వచ్చింది. పరదేశపు చీర చూడటానికి మిర్యాలగూడ ఆడవాళ్లంతా మా పందిట్లో వియ్యపురాలి చుట్టూ మూగారు. అత్త తల దించుకుని కూర్చుంది కానీ చూపంతా చీర పెట్టిన పళ్లెం మీదే. వియ్యపురాలు మడత విప్పింది. నైలాన్ కాదు, నూలు. మా నాన్న స్తంభం చాటుకు తప్పుకున్నాడు.

వియ్యపురాలు చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

"వదినె, ఇది ఏడ కొన్నవు?"

"బెజవాడల. వాళ్ల దేశందేనని వాడే చెప్పిండు. నాకా తాన దొరకకుంట నడుముకు సుట్టుకొని తెచ్చిన!"

"ఓ వదినె! ఇది పోచంపల్లి చీర! మన జిల్లాది! మా అమ్మగారింటి ఎనకనే మగ్గాలు. గీ నూనె వాసనలనే నేను పెరిగిన!"

ఎవరో కిసుక్కుమన్నారు. వియ్యపురాలు గిర్రున వాళ్ల వైపు తిరిగింది. "ఏంది నవ్వుతరు? జపాన్ చీర పైసలుంటే ఎవరన్న కొంటరు. నా తల్లిగారి చీర బెజవాడ పోయి, నాకా దాటి, నన్ను ఎతుక్కుంట వొచ్చింది. ఇసొంటిది మీ ఇండ్లల్ల ఒక్కటి సూపియ్యుండ్రి!" అని అప్పటికప్పుడు లోపలికి వెళ్లి అదే కట్టుకుని వచ్చింది. ముందు మా అత్త నవ్వింది. తరువాత పందిరంతా నవ్వింది. అంత హాయిగా నవ్విన పెళ్లి నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం పెళ్లివారి బస్సు బయలుదేరే వేళకు మాత్రం నాయనమ్మ కళ్లలో నీళ్లు ఆగలేదు. కిటికీలోంచి అత్త చెయ్యి పట్టుకుని వదలడం లేదు. పక్క సీట్లోంచి వియ్యపురాలు ఆ ఎర్రచీర కొంగుతోనే నాయనమ్మ కళ్లు తుడిచింది.

"వదినె, నేను గూడ ఇయ్యాల నీ దేశంకెల్లి మాలు తీస్కపోతున్న. సుంకం ఎంత గట్టాల్నో జెప్పు!" అంది, అత్త భుజం మీద చెయ్యి వేసి.

నాయనమ్మ ముక్కు చీదుకుంది. "పైసలొద్దు. నెలకొకపారి మాలు తెచ్చి నాకు సూపియ్యి, సాలు."

వియ్యపురాలు బతికినన్నాళ్లూ ఆ సుంకం ఎగ్గొట్టలేదు. మిర్యాలగూడ బస్సు దిగి, అత్తను వెంటబెట్టుకుని వచ్చి, మా వాకిట్లో నిలబడి వీధంతా వినబడేలా కేక పెట్టేది: "కరోడ్‌గిరోళ్లు ఉన్నరా ఇంట్ల? మాలు తెచ్చిన, సూస్కోండ్రి!"