పనికిరావని సంతకం పెట్టనన్న తాళాలమ్మ

ఆ బడిలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ పట్టలేదు. ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ గది తాళాలు ఆవిడ నడుముకే వేలాడుతున్నాయి కాబట్టి పిల్లలకీ పెద్దలకీ తాళాలమ్మ. పొద్దున్నే గది తెరవాలి, పన్నెండు మిషన్ల మీది గుడ్డ తొడుగులు తీసి దులపాలి, పిల్లల చెప్పులు బయట వరసగా పెట్టించాలి, సాయంత్రం మళ్లీ తొడుగులు వేసి తాళం బిగించాలి. కాగితం మీద ఉద్యోగం అంతే. కానీ ఆ గదికి వచ్చిపోయిన ఆరుగురు కంప్యూటర్ సార్లలో ఒక్కరికీ చేతికి దుమ్మంటడం గిట్టేది కాదు. మిషను మూత విప్పే పనులన్నీ ఈవిడ నెత్తిన పడేవి. వాళ్లు కుర్చీలో కూర్చుని "ఆ స్క్రూ తియ్యమ్మా, ఆ ఫ్యాను ఊడదియ్యమ్మా" అనేవారు. ఆవిడ తీసేది. తీసిందేమిటో చూసి గుర్తుపెట్టుకునేది కూడా, అది మాత్రం ఎవరూ గమనించలేదు.

చివరి సారు బదిలీ అయి ఏడాదిన్నర. ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. మిషన్లు ఒక్కొక్కటే మొరాయించాయి. కొన్ని సగం దాకా లేచి నల్లతెర చూపించి ఆగిపోయేవి. మిగిలినవి తెరుచుకునేసరికి పీరియడు గంట కొట్టేసేవారు.

ఒక సోమవారం పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, ఒక జాబితా పట్టుకుని గదిలోకి వచ్చాడు. అందులో పన్నెండు నంబర్లు, ఎదురుగా పన్నెండుసార్లు ఒకే మాట: పనికిరాదు. అడుగున అటెండరు సంతకానికి ఖాళీ.

"శనివారం పాతసామాన్ల వాడొస్తాడు. గది ఖాళీ అయితే ఆఫీసు ఫైళ్లు ఇక్కడ పెట్టించేద్దాం. ఇదిగో, సంతకం పెట్టు."

"మరి పిల్లలకి, సార్?"

"పుస్తకంలో బొమ్మలున్నాయి కదమ్మా. కొత్త మిషన్లకి రాశాం. వచ్చినప్పుడు వస్తాయి."

రాసి మూడేళ్లయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తాళాలమ్మకి ఒళ్లు మండిపోయింది. మౌసు బొమ్మ మీద వేలు పెట్టి నొక్కితే పుస్తకానికి చిల్లు పడుతుంది గానీ ఇంకేమవుతుంది? ఈ పిల్లల ఇళ్లలో కంప్యూటర్లు లేవు. ఈ గది పోయిందంటే బడి వదిలే దాకా వాళ్లు మీట నొక్కి ఎరగరు.

"పనికిరావని నేను రాయను సార్. లోపల సామానంతా బాగానే ఉంది. చెడింది లోపల నడిచే సిస్టమ్. అది తీసేసి వేరేది వేస్తే నడుస్తాయి."

"ఎవరు వేస్తారు? నువ్వేస్తావా?" అని పెద్దసారు నవ్వాడు.

"వేస్తాను."

సార్లు డిస్కులు పెట్టి సిస్టమ్ ఎక్కించడం పక్కన నిలబడి చూసిందే గానీ తను ఎన్నడూ ఎక్కించలేదు. ఇప్పుడు ఆ డిస్కు అరలు కూడా బిగుసుకుపోయి కూర్చున్నాయి. అయినా అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

సాయంత్రం కోడలితో చెప్పింది. కోడలు ప్రింటింగ్ షాపులో పేజీలు సర్దే పని చేస్తుంది, ఇంట్లో ఆమె ల్యాప్‌టాప్ ఉంది. "పాత మిషన్ల మీద తేలిగ్గా నడిచేవి ఉచితంగానే దొరుకుతాయి అత్తయ్యా. ఇక్కణ్ణించి దించుకోండి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి" అని చోటు చూపించి వంటింట్లోకి వెళ్లింది.

పెన్‌డ్రైవ్‌లకి కొదవ లేదు. ఆ గదిలోకి పెన్‌డ్రైవ్ తేకూడదన్నది పాత రూలు. వైరస్ వస్తుందని మొదటి సారు పెట్టాడు, తాళాలమ్మ పోలీసుకన్నా గట్టిగా అమలు చేసింది. పిల్లల జేబుల్లోంచి లాక్కున్నవన్నీ ఒక రేకుడబ్బాలో ఉన్నాయి. చాలామటుకు చిన్నవి, ఈ సిస్టమ్ పట్టదు. వెతగ్గా వెతగ్గా ఎనిమిది జీబీవి మూడు దొరికాయి. వాటిలో సినిమా పాటలు, పరీక్షల్లో రావచ్చని ఎవరో ఊహించిన ప్రశ్నలు. చెరిపేయడానికి మనసేమీ నొచ్చుకోలేదు.

మంగళవారం పొద్దున్న ఫైలు కాపీ చేసుకుని బడికి పట్టుకెళ్లింది. పెట్టింది. మిషను పెన్‌డ్రైవ్ వైపు కన్నెత్తి చూడలేదు. రెండోదానికి పెట్టింది, మూడోదానికి పెట్టింది, అదే తంతు. మధ్యాహ్నం భోజనాల వేళ కోడలికి ఫోను చేసింది.

"మామూలుగా కాపీ చేశారా?"

"ఫొటోలు కాపీ చేసినట్టే చేశాను. ఎందుకు?"

"అయ్యో అత్తయ్యా! అది సామాను కట్టిన పెట్టె లాంటిది. పెట్టెను పెట్టెలాగే తెచ్చి గుమ్మంలో పెట్టారు. లోపలివి విప్పి సర్దితే కదా మిషను ఎక్కడేముందో చూసుకునేది! దానికి వేరే ప్రోగ్రాం ఉంటుంది, అదే విప్పి రాస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది, ముందే చెబుతున్నా."

"పోనీ. పరీక్ష ప్రశ్నలేగా."

ఆ సాయంత్రం ఇంట్లో ఆ ప్రోగ్రాం తెరిచింది. పెన్‌డ్రైవ్ ఎంచుకోమంది, ఎంచుకుంది. ఫైలు చూపించమంది, చూపించింది. ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అనడిగింది. పొరపాటున కోడలి ల్యాప్‌టాప్ చెరిగిపోతుందేమోనని పెన్‌డ్రైవ్ పేరు మూడుసార్లు చదువుకుని అప్పుడు నొక్కింది. పచ్చగీత మెల్లగా పాకి చివరికి చేరింది. ఒకటయ్యాక ఒకటి, మూడూ తయారయ్యాయి.

బుధవారం అసలు గోడ అడ్డొచ్చింది. మిషను లేచేటప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి లేవమని చెప్పాలంటే పాస్‌వర్డ్ కావాలంది. అది మొదట పెట్టిన సారు రిటైరై ఎటో వెళ్లిపోయాడు. ఫోను ఎత్తిన కంప్యూటర్ సార్లు ఇద్దరూ తమకి గుర్తులేదన్నారు. ఒకాయన సలహా కూడా ఇచ్చాడు: "సంతకం పెట్టేయమ్మా, నీకెందుకొచ్చిన గొడవ?"

ఆ మాటకి ఆవిడకి ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. కోపమే మేలు చేసింది. ఒక మిషను ముందు కూర్చుని మూత విప్పింది, లోపల గుండ్రటి చిన్న బ్యాటరీ కనబడింది. ఇన్నేళ్లలో ఆ బ్యాటరీలు మార్చింది తనే. చచ్చిపోయిన బ్యాటరీ తీసి కొత్తది వేసినప్పుడల్లా మిషను తేదీ మరిచిపోయేది. సార్లు విసుక్కుంటూ తేదీతోపాటు పాస్‌వర్డ్ కూడా మళ్లీ పెట్టేవారు. మళ్లీ పెట్టారంటే, అదీ మరిచిపోయినట్టే కదా!

కరెంటు తీగ పీకింది. బ్యాటరీ తీసి పది నిమిషాలు బల్ల మీద పెట్టింది. మళ్లీ బిగించి మీట నొక్కింది. తేదీ చెప్పమంది గానీ పాస్‌వర్డ్ ఊసెత్తలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లేవమని ఆవిడ చెప్పింది, మిషను లేచింది. తెర నీలంగా వెలిగింది. ఖాళీ గదిలో తాళాలమ్మ "హమ్మయ్య!" అని అరిచిన అరుపుకి పక్క తరగతి టీచరు పరుగెత్తుకొచ్చింది.

శుక్రవారం సాయంత్రానికి పదకొండు మిషన్లు నడిచాయి. పన్నెండోదానితో ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది గానీ, అది నిజంగానే పోయింది. ఆ ఒక్కదానికీ పనికిరాదన్న మాట ఉంచి, మిగతా పదకొండింటికీ కొట్టేసి, పెద్దసారు వదిలి వెళ్లిన జాబితా కింద సంతకం పెట్టింది. అబద్ధం ఆవిడకి ఆ వైపు నుంచీ పనికిరాదు.

శనివారం పాతసామాన్లవాడు తక్కెడ తెచ్చుకుని ఒక్క మిషను తూచుకుని సణుక్కుంటూ పోయాడు. పెద్దసారు నడుస్తున్న తెరలకేసి చూడలేదు, కొట్టివేతలకేసి చూశాడు. గంటలో మెమో వచ్చింది. అనుమతి లేకుండా బడి సామాను మూతలు విప్పినందుకూ, నిషేధించిన పెన్‌డ్రైవ్‌లు వాడినందుకూ సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వాలట. లేకుంటే గేటు డ్యూటీకి మారుస్తారట, జాబితా మళ్లీ రాస్తారట.

సోమవారం పొద్దున్న ఆవిడ సంజాయిషీ రెండు కాపీలు తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టింది.

"ఆరోపణలు రెండూ నిజమే" అని ఉంది అందులో. "మూతలు విప్పాను. పెన్‌డ్రైవ్‌లు వాడాను. ఈ సంజాయిషీ, తమరి జాబితాలో పనికిరాదని రాసిన ఏడో నంబరు మిషను మీద నేనే టైపు చేశాను."

పెద్దసారు రెండుసార్లు చదివాడు. సంజాయిషీ ఫైలులో పెట్టాలి. జాబితా కూడా అదే ఫైలులో పై ఆఫీసుకి వెళ్లాలి. ఏడో నంబరు పనికిరాదని మళ్లీ రాస్తే, దాని మీదే టైపైన ఈ కాగితం పక్కనే కనబడుతుంది.

"రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేసివ్వండి సార్" అంది తాళాలమ్మ. "గది తెరవాలి. మొదటి పీరియడు ఎనిమిదో తరగతి వాళ్లది."