రత్నమ్మ టీచర్ కాలి చిటికెన వేలు

మొన్న హనుమకొండ చౌరస్తాలో ఒక మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. లోపల దుకాణదారు తెల్ల ప్లాస్టర్ చుట్ట తీసి చర్రున లాగి పళ్ళతో తెంపాడు. ఆ చప్పుడు వినగానే నాకు నవ్వొచ్చింది. పక్కనున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి కాస్త దూరం జరిగాడు. ప్లాస్టర్ చప్పుడుకు నవ్వేవాడికి ఉన్న రోగానికి ఈ దుకాణంలో మందు దొరకదని అనుకొని ఉంటాడు. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెబుతాను. ఆ చప్పుడు వింటే నాకు రత్నమ్మ టీచర్ కుడికాలు కళ్ళ ముందుకు వస్తుంది. వరండాలో స్టూలు మీద రెండు దిండ్లు, దిండ్ల మీద కాలు, ఆ కాలికి చిటికెన వేలిని పక్క వేలితో కలిపి చుట్టిన తెల్ల ప్లాస్టర్.

రత్నమ్మ టీచర్ మడికొండలో మా వీధిలోనే ఉండేవారు. హైస్కూల్లో నాకు సైన్సు చెప్పారు. ఆమె తండ్రి ఊరూరా తిరిగి సువార్త ప్రసంగాలు చేసిన మనిషి. ఆ గొంతూ ఆ ఆవేశమూ టీచర్‌కు వచ్చాయి, దేవుడు మాత్రం రాలేదు. చెల్లెలు దయామణికి గొంతు రాలేదు, దేవుడు వచ్చాడు. పెళ్ళిళ్ళు చేసుకోని ఆ అక్కాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో ఉండేవారు. దయామణి భోజనానికి ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, ఆమె కళ్ళు తెరిచేలోపు టీచర్ కూరలో మంచి ముక్కలన్నీ తన కంచంలోకి మార్చుకునేవారు. ఆదివారం చెల్లెలు చర్చికి పోగానే వరండాలో మా చర్చ మొదలయ్యేది. కాలేజీ పిల్లలం, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు, ఎవరు వస్తే వారు. మూఢనమ్మకాల మీద నేను రాసిన మొదటి వ్యాసం అక్కడే చదివాను. నిప్పులు కక్కాననుకున్నాను. టీచర్ అంతా విని, “కోపం మస్తుగున్నదిరా. ఆధారమే ఏడ కనవడ్తలేదు” అన్నారు.

అలాంటి మనిషికి వేలు విరగడం కూడా మామూలుగా జరగలేదు. పక్కింటి యాకమ్మ రోజూ పొద్దున టీచర్ ఇంటికి వచ్చి టీవీలో రాశిఫలాలు చూసేది. కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్లలో పనికి పోయే మనిషి. ఆ రోజు తన రాశికి ఏముందో తెలియందే తట్ట ఎత్తేది కాదు. టీచర్‌కు జాతకం లేకపోయినా, పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఆమెది తులారాశి అని యాకమ్మే నిర్ణయించింది. ఆ రోజు టీవీలో జ్యోతిష్యుడు, తులారాశి వారు కాళ్ళ విషయంలో జాగ్రత్తగా ఉండాలన్నాడు. “ఇన్నవా టీచరమ్మా, కాళ్ళు జర పైలం” అంది యాకమ్మ. టీచర్‌కు ఒళ్ళు మండింది. “దేశంల తులారాశోళ్ళందరి కాళ్ళు వీనికే కనవడ్తయా?” అంటూ టీవీ కట్టేయడానికి విసురుగా లేచారు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన పాత రోలుకు చిటికెన వేలు తగిలింది. టక్కుమన్న చప్పుడు వంటింట్లో ఉన్న దయామణికి కూడా వినిపించిందట.

సాయంత్రానికి వీధంతా జ్యోతిష్యుణ్ణి పొగడటం మొదలుపెట్టింది. నేను వెళ్ళేసరికి టీచర్ మంచం మీద పళ్ళు బిగబట్టి కూర్చున్నారు. వేలు వంకాయ రంగు తిరిగింది. నన్ను చూడగానే నొప్పి సంగతి వదిలేసి కేసు చెప్పుకొచ్చారు.

“నేను లేచిందెందుకురా? వాని మాట ఇని. వాడు ఆ మాట అనకుంటే నేను లేస్తుంటినా, వేలు ఇరుగుతుండెనా? గిది జోస్యమెట్లయితది? నేరమైతది.”

ఆటో నడిపే సమ్మయ్య యాకమ్మ కొడుకు. అతని ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం. దారిపొడవునా సమ్మయ్య ములుగు అడవుల దిక్కున కట్టు కట్టే ఒక తాత గురించి చెబుతూనే ఉన్నాడు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, ఏ ఎముకైనా అతుక్కోవాల్సిందే. ఎక్స్‌రే చూసిన డాక్టరు, “చిన్నగనే విరిగింది మేడం. పక్క వేలికి కలిపి ప్లాస్టర్ వేస్తం, అది కదలకుండ. కాలు ఎత్తు మీద పెట్టుకోండ్రి, ఐసు పెట్టండ్రి, గట్టి అడుగున్న చెప్పులేసుకోండ్రి. కొన్ని వారాలల్ల తనంతట తనే అతుక్కుంటది” అన్నాడు.

“ఏమన్నరు? చివరి మాట మళ్ళొక్కసారి అనుండ్రి.”

“తనంతట తనే అతుక్కుంటది.”

“ఇన్నవానే దయా? సమ్మయ్యా, నువ్వు ఇన్నవా? తనంతట తనే!” నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఆమె ముఖం వెలిగిపోయింది. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. ఎందుకో ఇంటికి తిరిగి వస్తుంటే నాకు చెప్పారు. తనంతట తానే నయమయ్యే వేలంటే, ఎవరు ఏం చేసినా నయమయ్యే వేలు. ముట్టుకున్న ప్రతివాడూ పేరు కొట్టేస్తాడు.

ఈ దేశంలో తనంతట తానే తగ్గే రోగానికి ఉన్నంత గిరాకీ మరే సరుకుకూ లేదు. జలుబు తగ్గితే విభూతి గెలుస్తుంది, కామెర్లు తగ్గితే మంత్రం గెలుస్తుంది, పిల్లవాడి భయం తగ్గితే తాయెత్తు గెలుస్తుంది. కాలం చేసిన పనికి కూలి వాళ్ళు తీసుకుంటారు. అలా సంపాదించిన పేరుతో, తనంతట తాను తగ్గని రోగం వచ్చిన మనిషిని కూడా తమ గుమ్మంలోకి లాక్కుంటారు. అక్కడ చచ్చేది ఆ మనిషే. టీచర్ పట్టుదల అందుకే. తన వేలును ఎవరి ఖాతాలోకీ పోనివ్వకూడదని తీర్మానించుకొని, దిండ్ల మీద కాలు పెట్టుకొని వరండాలో కాపలా కూర్చున్నారు.

మొదట దయామణి చర్చి ఆడవాళ్ళు వచ్చారు. చుట్టూ నిలబడి, ప్రార్థన కోసం పాదం మీద చేతులు ఉంచబోయారు. టీచర్ కాలు వెనక్కి లాక్కున్నారు.

“తల మీద పెట్టుండ్రి చేతులు. వేలి మీద మాత్రం వద్దు.”

“ఎందుకక్కా?” అంది దయామణి నొచ్చుకొని.

“నా తల ఎట్లనూ బాగుపడేది కాదు, ఎవ్వరికీ పేరు రాదు. వేలు బాగైతది. పేరు మీకు పోతది.”

వాళ్ళు తల మీదే చేతులుంచి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళారు. చాలాసేపు చేశారు. ఆ తలకు అంత అవసరమని వాళ్ళకూ అనిపించి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం టీచర్ కుర్చీలోనే కునుకు తీస్తుంటే, యాకమ్మ ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి ఆ కాలికి దిష్టి తీసి, అక్కడే బొగ్గుల మీద వేసింది. ఘాటుకు టీచర్ దగ్గుతూ లేచారు.

“ఏందే యాకమ్మా, ఏం చేస్తానవ్?”

“ఏం లే టీచరమ్మా, మిరపకాయలు మాడినయ్.”

“మీ పొయ్యి మీ ఇంట్లుంటది గదా. మిరపకాయలు నా కాళ్ళకాడికి నడిచొచ్చి మాడినయా?”

టీచర్ వదల్లేదు. “దిష్టి ఉంటే ఘాటు రాదంటరు గదా మీరు? మరి నేను పేగులు తెగేటట్టు దగ్గితి. దిష్టి లేదన్నట్టే గదా? ఒప్పుకో.” యాకమ్మ కాసేపు ఆలోచించి, “ఉండె. ఇగో, ఇప్పుడే పోయింది” అంది. టీచర్ నా వైపు తిరిగి, “రాసుకోరా. గిసొంటి వాదన మన ఆదివారాలల్ల ఒక్కడు చెయ్యలే” అన్నారు. అది మెచ్చుకోలే.

అసలు దెబ్బ ఇంట్లోవాళ్ళు కొట్టారు. సమ్మయ్య ఆ కట్టు తాత దగ్గరికి పోయి ఒక సీసాలో తైలం తెచ్చి దయామణి చేతిలో పెట్టాడు. యేసు ప్రభువు మీద ఎంత నమ్మకమున్నా దయామణికి తైలం మీద శత్రుత్వమేమీ లేదు. అక్క నిద్రపోయినప్పుడల్లా రాసింది. ప్లాస్టర్ విప్పిన రోజు టీచర్ లేచి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. నొప్పి లేదు. చేతులెత్తి, “సూడుండ్రి! మంత్రం లేదు, తైలం లేదు” అన్నారో లేదో, దయామణి చేతులు నలుపుకుంటూ సీసా సంగతి బయటపెట్టింది. టీచర్ కూలబడ్డారు. నాకే ఒక అనుమానం వచ్చింది.

“చిన్నమ్మా, వేలికి ప్లాస్టర్ ఉండె గదా. తైలం ఎట్ల రాసిండ్రు?”

“ప్లాస్టర్ ఉన్న కాలికి ఎట్ల రాస్త బిడ్డా? పక్క కాలికి రాసిన. తైలం ఒంట్లకు పోతది గదా.”

టీచర్ ఎగిరి గంతేశారు, నిజంగానే, విరిగి అతికిన కాలి మీదే. “ఎడమ కాలికి రాసిందంట! ఇగ చెప్పురా సమ్మయ్యా, ఏమంటవ్?”

సమ్మయ్య కళ్ళు పెద్దవి చేశాడు. “అగ్గో! ఈ కాలికి రాస్తే ఆ కాలు నయం చేసిందంటే, తాత తైలం పవర్ ఎంతుండాలె టీచరమ్మా!”

టీచర్ నోట మాట రాక నిలబడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత వీధిలో కనిపించిన వాళ్ళందరికీ ఆమె వ్యాకరణం చెప్పడం మొదలుపెట్టారు. “‘నయమైంది’ అనుండ్రి. ‘నయం చేసిండు’ అనకుండ్రి. ‘నయమైంది’ అంటే చేసినోడు ఉండనక్కరలేదు. మన తెలుగులనే ఉన్నదా మాట, వాడుండ్రి.” అందరూ తలూపేవారు. ఆమె ఇల్లు దాటగానే, తాత నయం చేసిండు అనేవారు.

ఆ ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున యాకమ్మ నల్లా దగ్గర పాకుడు మీద జారి పడింది. కేకలు విని నేను పరుగెత్తాను. లేవలేకపోతోంది. ఒక కాలు బయటి వైపుకు తిరిగిపోయి, రెండో కాలి కంటే పొట్టిగా కనిపిస్తోంది. తుంటి ఎముక విరిగిందని చూడగానే తెలుస్తోంది. సమ్మయ్య అప్పటికే ఆటో వెనక సీటు మీద బొంత పరుస్తున్నాడు. దవాఖానకు కాదు, ములుగు దిక్కుకు. “ఫికర్ చెయ్యకవ్వా, తాత కాడికి పోదాం. టీచరమ్మ వేలు నయం చెయ్యలే?” అంటున్నాడు. తుంటి విరిగిన మనిషిని అంతదూరం ఆటోలో కుదిపి, పసరు కట్టి పడుకోబెడితే ఇక ఆ మంచం మీద నుంచి లేవదు. ఎంతకాలం బతుకుతుందో కూడా చెప్పలేం. నేను మొదలుపెట్టాను. ఎముకల నిర్మాణం, రక్తప్రసరణ, అజ్ఞానం, మనుషులను చంపే మూర్ఖత్వం. నేను మాట్లాడేకొద్దీ సమ్మయ్య ముఖం గట్టిపడుతోంది. బొంత మరింత వేగంగా పరుస్తున్నాడు.

వెనక నుంచి టీచర్ నా భుజం పట్టి పక్కకు నెట్టారు. “నువ్వు నోరు మూయిరా.” తర్వాత సమ్మయ్య ముందు నిలబడి, అందరికీ వినిపించేలా అన్నారు:

“ఒప్పుకుంటాన్న సమ్మయ్యా. నా వేలు మీ తాత తైలమే నయం చేసింది.”

దయామణి చేతిలో చెంబు జారిపడింది.

“గంత పవరున్న తైలం గదా. ఈ కాలికి రాస్తే ఆ కాలు నయం చేసింది. ఇంటికాడ సీసాల ఉంటే దవాఖానల ఉన్న మీ అవ్వకు పనిచెయ్యదా? చేస్తది. సీసా దయా కాడుంటది, మీ అవ్వ దవాఖానల ఉంటది. ఎక్స్‌రే తీపిద్దాం, ఆపరేషన్ అంటే చేపిద్దాం. తైలం దాని పని అది చేస్తది. ఏం?”

సమ్మయ్య చేతిలో బొంత అంచు అలాగే ఉండిపోయింది. ఆమె మాటలో తప్పు వెతికాడు, దొరకలేదు. అది అతని మాటే కదా. కింద నుంచి యాకమ్మే మూలుగుతూ అంది: “టీచరమ్మ చెప్పినట్టు చెయ్యిరా కొడుకా. నన్ను కుదపకుండ్రి.” అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకు యాకమ్మ వాకర్ పట్టుకొని టీవీ ముందుకు వచ్చి కూర్చుంది.

నేను మాత్రం అలిగాను. వారాల తరబడి ఆ వేలి కోసం వీధితో కొట్లాడిన మనిషి, ఒక్క మాటతో దాన్ని అప్పగించేసింది. వరండాలో నిలదీశాను. “మీరు అబద్ధం చెప్పిండ్రు టీచర్.”

“చెప్పిన.”

“మనం ఇన్నేండ్ల సంది కొట్లాడేది దేనికోసం మరి?”

“ఆ వేలు నాదిరా. దాని పేరు ఎవరికిచ్చుకుంటే నీకేంది? తుంటి యాకమ్మది. అది ఇచ్చే హక్కు నాకు లేదు.” లోపల టీవీ చూస్తున్న యాకమ్మకు వినిపించేలా కేకేశారు. “యాకమ్మా, నీ కాలు ఎవరు నయం చేసిండ్రే?”

“దేవుడు. ఇగ తైలం. మీ చెల్లె ప్రార్థన గూడ.”

“ఆపరేషన్ చేసిన డాక్టరు?”

యాకమ్మ కాస్త ఆలోచించింది. “ఆయన గూడ ఉండె.”

టీచర్ పిడికిలి బిగిసింది, తర్వాత మెల్లగా విడింది. ఆ మౌనం ఆమెకు ఎంత కష్టమైందో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

టీచర్ పోయి కొన్నేళ్ళయింది. నా కోపం ఆమె ఉన్నప్పటికంటే ఏమీ తగ్గలేదు, ఆధారాలు కాస్త పెరిగాయి. ఈ మధ్య కేసముద్రంలో ఒక సభలో తాయెత్తుల మీద గంటసేపు మండిపడి వేదిక దిగాను. ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. కొడుకుకు మూర్ఛ వస్తుందని, మంత్రించిన తాయెత్తు కట్టించానని, దాన్ని తీసేయమంటారా అని భయంభయంగా అడిగింది. సభ పెట్టిన మా మిత్రులంతా నా చుట్టూ నిలబడి, నేను దాన్ని తెంపించే క్షణం కోసం చూస్తున్నారు.

“మాత్రలు వేస్తున్నారా అమ్మా?” అన్నాను.

“తాయెత్తు కట్టినంక ఆపిన సార్.”

“ఈ రోజే డాక్టరుకు చూపించండి, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టండి. ఒక్క పూట కూడా మానొద్దు. తాయెత్తు ఉండనివ్వండి.”

నా మిత్రుల ముఖాలు మాడిపోయాయి. ఆ తల్లి ముఖం తేటపడింది. ఆ రోజు నేను చూడాల్సింది ఆ ఒక్క ముఖమే.